పడవ ఏట్లో ఉన్నంతసేపు

ఉదయం ఎనిమిదిన్నరకి తెరమీద గోదావరి పక్కకి జరిగింది.

ఓలేటి శేషుకుమారి అప్పుడే గొడుగు మడిచి గోడకి ఆనించి కుర్చీలో కూర్చుంది. రాజమహేంద్రవరంలోని ఆ నదీ పరిశోధనశాలలో మూడు గోడల నిండా తెరలే. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా గౌతమి పాయ మొత్తం వాటిమీద లేత నీలంగా కనిపిస్తుంది. ఆ నీలం మధ్యలో ఒక ఎర్రగీత. నీరు అన్నిటికన్నా లోతుగా పారే చోట్లని కలుపుతూ పోయే గీత అది. రోజుకి రెండు మూడు అడుగులు అటూ ఇటూ కదలడం మామూలే. నాలుగు రోజుల వరద తర్వాత, ఆ ఉదయం అది ఒక్కసారిగా ఎనిమిది వందల మీటర్లు తూర్పుకి దూకింది. దూకి, తెడ్లలంక మీదుగా పోయింది.

శేషు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. గీత అక్కడే ఉంది.

తెడ్లలంక ఆమె పుట్టిన ఊరు. ఏటి మధ్యన నూట పన్నెండు గడపలు, నాలుగు వందల పైచిలుకు మనుషులు. ఇళ్ళన్నీ మెరక మీద ఉంటాయి. ఇళ్ళ వెనక పల్లంలో పొగాకు చేలు. ఏ పెద్ద వరదకైనా ఆ చేలల్లోకి నీళ్ళు రావడం, నాలుగు రోజులుండి పోవడం ఊరికి అలవాటే. ఈసారి వచ్చిన నీళ్ళు మాత్రం ఆ పల్లాన్ని కోసేసి, అసలు పాయకన్నా లోతు చేసుకున్నాయి.

ఊరి మీదికి నీళ్ళు రాలేదు. శేషు భయం నీళ్ళ గురించి కాదు. తెర అడుగున కదులుతున్న పసుపు చుక్కల గురించి.

ఒక్కో చుక్క ఒక్కో యంత్రం. మూరెడు పొడవు, జెల్లచేప ఆకారం, మూతి దగ్గర తిరిగే పళ్ళు. ఏటి అడుగున ఇసుకని తొలిచి, పొట్టలో నింపుకుని, దూరంగా పోయి కక్కుతాయి. ఓడలు ఇసుక మేటలెక్కకుండా దారిని లోతుగా ఉంచడం వాటి పని. వాటికి కరెంటు అక్కర్లేదు, నీటి వడే బలం. వరదెక్కువైతే వాటి సత్తువా ఎక్కువవుతుంది. పరిశోధనశాల పెట్టిన పేరు ఏదో పెద్దది ఉండేది గానీ ఏటి జనం వాటిని ఇనుపజెల్లలన్నారు. ఆ పేరే నిలిచింది. గౌతమిలో అవి నలభై వేలు.

ఆ నలభై వేలకీ మెదడు ఒకటే, ఆ మెదడు నిండా చట్టమే. దాన్ని అందులో పెట్టింది శేషు. కుంపిణీ కాలం నాటి రేవుల నిబంధనలు, ఆవిరి పడవల చట్టాలు, స్వాతంత్ర్యం వచ్చాక ఓడల దారులు కేంద్రానికీ నీళ్ళు రాష్ట్రాలకీ పంచిన జాబితాలు, ఆ తర్వాత నదుల్ని జాతీయ జలమార్గాలుగా ప్రకటించిన చట్టాలు, ఇలా రెండు వందల ఏళ్ళ కాగితాన్ని చదివి, ఏది బతికుందో ఏది రద్దయిందో తేల్చి, యంత్రానికి అర్థమయ్యే వాక్యాలుగా మార్చింది ఆమే. ఆ వరసలో చివరిది ఆరేళ్ళ కిందట వచ్చిన ఏకీకృత జలమార్గ చట్టం. దాని ముసాయిదా సంఘంలో కూడా ఆమె ఉంది.

అంతకుముందు చట్టాలన్నీ జలమార్గాన్ని పటం మీద గీసేవి. నది పటాన్ని లెక్కచెయ్యదు. ఏటేటా పక్కకి జరిగేది. పటాన్ని నమ్ముకున్న ఓడ పోయి మేటెక్కేది. తప్పు కేంద్రానిదా రాష్ట్రానిదా అని కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలిగేది. ఆ తగువులన్నీ ఒక్క దెబ్బతో తీరేలా శేషు ఒక వాక్యం రాసిచ్చింది. నది ఎటు పోతే జలమార్గం అటే పోవును. సంఘంలో అందరూ బల్లలు చరిచి మెచ్చుకున్నారు. దాని కింది వాక్యం పాతది, దాన్నెవరూ ముట్టుకోలేదు. జలమార్గపు వెడల్పులో ఓడకు అడ్డు వచ్చునది ఏదైనను తొలగించవలెను.

వెడల్పంటే ఎర్రగీతకి అటు నూట యాభై మీటర్లు, ఇటు నూట యాభై. తెడ్లలంక మెరక మొత్తం ఆ లోపలే ఉంది.

పసుపు చుక్కలన్నీ మూతులు తూర్పుకి తిప్పుకున్నాయి.

శేషు ఫోను అందుకుంది.

"ఏంటే శేషూ, పొద్దున్నే? కాపీ తాగావా?" అక్క గంగరత్నం గొంతు వెనక ఇంజను చప్పుడు వినిపించింది. లంకకీ గట్టుకీ మధ్య పంటు నడిపే సరంగు ఆమె. రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టిన పెద్ద పంటు అది. ఊరంతా దానిమీదే ఏరు దాటుతుంది.

"అక్కా, ఎక్కడున్నావ్?"

"ఇప్పుడే లంక రేవులో కట్టానే. ఏం?"

"ఊళ్ళోకి నీళ్ళొచ్చాయా?"

"ఎనక సేలల్లోకి వచ్చాయి. మెరకెక్కవులే. మనకిది కొత్తా ఏంటి?"

"అక్కా, నే చెప్పేది విను. అందర్నీ గట్టుమీదికి తెచ్చెయ్. సామాన్లొద్దు. మనుషుల్ని తెచ్చెయ్."

"నీకేవన్నా పిచ్చా? పొయ్యిమీద అన్నాలుంటే వదిలేసి ఎవరొస్తారే?" అని ఆగింది గంగరత్నం. "ఉండు. ఇందాకటేలనించీ కాళ్ళకింద ఏదో జుమ్మంటంది. తేనెపట్టు మీద నిలబడ్డట్టుంది."

తెరమీద పసుపు చుక్కలు అప్పటికే మెరక అంచుకి చేరాయి.

ఫోనులో దూరంగా ఎవరో ఆడమనిషి కేక పెట్టింది. తర్వాత చాలామంది అరుపులు. మళ్ళీ వినిపించిన గొంతు అక్కది కాదనిపించింది.

"శేషూ, రేషన్ షాపు గోడే... పడలేదు. నిలబడ్డది నిలబడ్డట్టే కిందికి దిగిపోయింది. భూమి మింగేసినట్టు!"

*

డాక్టర్ ప్రభాకరం పరిశోధనశాల డైరెక్టరు. ఇనుపజెల్లల్ని తయారుచేసిన మనిషి. మొదటి పరీక్ష రోజున ఆయన అద్దాల తొట్టిలో ఇసుక పోయించి, దానిమీద ఇటుకల గోడ కట్టించి, నీళ్ళు నింపి, పన్నెండు జెల్లల్ని వదిలాడు. తొమ్మిది నిమిషాల్లో గోడ లేదు. ఇటుకలు కూడా లేవు. ఎర్రటి బురద మాత్రం మిగిలింది. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళలో శేషు ఉంది.

ఇప్పుడాయన చేతిలో ఫోనుతో గది ఈ మూల నుంచి ఆ మూలకి నడుస్తున్నాడు. దిల్లీలో జలమార్గ మండలి కార్యదర్శితో మాట్లాడుతున్నాడు. మాట్లాడి పెట్టేసి, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమన్నారండీ?" అంది శేషు.

"ఆపాలంటే మండలి సభ్యులు ముగ్గురూ సంతకం పెట్టాలి. డెబ్బై రెండు గంటల ముందు నోటీసు ఇవ్వాలి. మీకు తెలియందేముంది శేషుకుమారి గారూ, ఆ నిబంధన పెట్టించింది మనమే కదా."

నిజమే. మొదటి ఏడాది ఇసుక రేవుల పెద్దలు ఎవరో ఇక్కడి అధికారి మీద వత్తిడి తెచ్చి నెల్లాళ్ళు జెల్లల్ని ఆపించారు. అలాంటిది మళ్ళీ జరక్కూడదని ఆపే అధికారం ఇక్కడ ఎవరికీ లేకుండా చేశారు.

"ఊళ్ళో మనుషులున్నారని చెప్పారా?"

"చెప్పానండీ. మూడుసార్లు చెప్పాను. చట్టంలో ఏ నిబంధన ఉల్లంఘన అయిందో రాసి పంపమన్నారు." ఆయన ఫోను బల్లమీద పడేశాడు. "ఏం రాయను? ఒక్కటీ అవలేదు."

"కొలతలు మార్చి గీతని పక్కకి జరపలేమా?"

"కొలిచేవి కూడా అవే. మన చేతిలో ఏం లేదు." ప్రభాకరం తెరవైపు చూడలేక కిటికీ వైపు తిరిగాడు. "రక్షణ పడవలన్నీ పైన మునిగిన ఊళ్ళ దగ్గరున్నాయట. సాయంత్రం దాకా రాలేవట. ఈ గాలికి హెలికాప్టర్ లేవదు. ఈ వడిలో మెరక ఎంతసేపు నిలుస్తుందో లెక్క వేశాను. మూడు గంటలు."

శేషు మళ్ళీ తెర ముందు కూర్చుంది. ఏం వెతుకుతోందో ఆమెకే తెలియదు. ఉదయం నుంచి జెల్లలు తోడిన ఇసుక లెక్క ఒక పక్కన గీతగా పెరుగుతూ పోతోంది. ఆ గీత మెట్టులా పైకెక్కి, కాసేపు చదునుగా ఉండి, మళ్ళీ ఎక్కింది. ఆమె దగ్గరగా వంగింది. తొమ్మిదీ ఐదు నుంచి తొమ్మిదీ పదహారు దాకా చదును. మళ్ళీ తొమ్మిదీ నలభై నుంచి చదునుగా నడుస్తోంది. పదకొండు నిమిషాలు నలభై వేల యంత్రాలూ కదలకుండా ఉన్నాయి. ఇప్పుడు కూడా కదలడం లేదు.

అక్కకి ఫోను చేసింది.

"ఎక్కడున్నావక్కా?"

"నడేట్లో. ముసలోళ్ళనీ పసిపిల్లల తల్లుల్నీ ఎక్కించి గట్టుకి తెత్తన్నా. ఇది రెండో టిప్పు."

"మొదటి టిప్పు ఎన్నింటికి బయల్దేరింది?"

"తొమ్మిదయ్యింది. ఐదు నిమిషాలు అయ్యిందేమో. ఇప్పుడెందుకే ఇయ్యన్నీ?"

శేషు లేచి నిలబడింది. మొదటి టిప్పులో పంటు గట్టుకి ఆనిన క్షణానికే పసుపు చుక్కలు మళ్ళీ కదిలాయన్నమాట.

ఆ నిబంధన ఎక్కడుందో ఆమెకి గుర్తొచ్చింది. గుర్తు రావడానికి అరనిమిషం పట్టినందుకు తనని తాను తిట్టుకుంది. కాలవలు తవ్వే రోజుల్లో ఒకచోట కూలీలు రేవు మెట్లు తవ్వేస్తుంటే పడవ వచ్చి ఆనిందనీ, జనం గోతిలో పడ్డారనీ, అప్పుడెవరో అధికారి ఒక నియమం రాశాడనీ ఆమె చదివింది. రేవు పడవ ప్రయాణికులతో ఏట్లో ఉన్నంతసేపు ఇరు రేవులనుగాని, జనులు ఇండ్లనుండి రేవునకు వచ్చు దారులనుగాని ఏ పనివారును ముట్టరాదు. తర్వాతొచ్చిన చట్టాలన్నీ, ఇది ఎవరికీ అడ్డు కాదులే అన్నట్టు, దాన్ని అలాగే మోసుకొచ్చాయి. శేషు కూడా అలాగే తెచ్చి మెదడులో పెట్టింది. తెడ్లలంకలో ప్రతి ఇంటి ముందు వీధీ రేవుకి పోయే దారే.

"అక్కా, పడవ ఏట్లో ఉన్నంతసేపు అవి తవ్వవు," అంది గట్టిగా. "పడవ ఒడ్డుకి ఆనిందా, మొదలెడతాయి. నువ్వు ఎక్కించుకునేటప్పుడూ దింపేటప్పుడూ ఇంకో పడవ నడేట్లో ఉండాలి. బావ నావ ఉందిగా?"

గంగరత్నం భర్త మల్లాడి సూరన్న. అతనికి ఇంజను పెట్టిన పాత నావ ఒకటుంది. దానికీ రేవు లైసెన్సుంది.

"నావని నడేట్లో లంగరేసి ఉంచమంటావా?"

"వద్దు, వద్దు. ఆగిన పడవ పడవ కాదు, అడ్డు. దాన్నే తినేస్తాయి. కదులుతూ ఉండాలి. లోపల ప్రయాణికుడుండాలి. సరంగు ప్రయాణికుడి కింద లెక్క కాదు. పడవలో బిగించిన పెట్టె లైసెన్సున్న సరంగుని గుర్తుపట్టి వదిలేసి, మిగతా తలలే లెక్కపెడుతుంది."

"గట్టునించి లంకకి ఒట్టి పడవలేగా ఎల్లేది? అటేపు ఎవరొత్తారే ఈ పరిస్థితిలో?"

శేషు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఆమెకి ఈత రాదు. పదేళ్ళప్పుడు రేవులో జారి, బావురుమంటూ ఒడ్డెక్కిన దగ్గర్నుంచి నీళ్ళంటే దూరం. అందుకే పుస్తకాలు పట్టుకుని రాజమండ్రి చేరింది.

"నేనొస్తున్నా," అంది.

*

ఏటిగట్టు మీద కారు ఆగేసరికి పదకొండు కావస్తోంది. వాన పల్చగా పడుతోంది. గోదావరి ఎర్రగా, చెట్ల కొమ్మల్ని దొర్లించుకుంటూ పోతోంది. అవతల లంక మెరక కనిపిస్తోంది. ఎప్పుడూ కనిపించే తాడిచెట్ల వరస సగమే ఉంది.

ఊరివాళ్ళు నూట యాభై మంది దాకా గట్టుమీద ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. అందరూ లంకవైపే చూస్తున్నారు. నావ దగ్గర సూరన్న నడుముకి తువ్వాలు బిగించుకుని నిలబడ్డాడు. బక్కపల్చని మనిషి, తక్కువ మాట్లాడతాడు.

"వచ్చావా మరదలా. సుభద్ర టీచరు గారు ఇప్పటికి నాలుగుసార్లు ఎక్కారు నా నావ. ఆవిడే ప్రయాణికురాలు," అన్నాడు. ఊరి బళ్ళో చదువు చెప్పే సుభద్ర అప్పటికే నావలో కూర్చుని ఉంది. చీర మోకాళ్ళ దాకా తడిసి, చేతులు నావ అంచుని పట్టుకుని ఉన్నాయి.

"నేను అక్క పంటు ఎక్కుతా బావా."

"భయపడకు. ఏటికేసి చూడకు. మీ అక్క మొహంకేసి చూడు," అని నావని నీళ్ళలోకి నెట్టాడు.

ఆ తర్వాత నాలుగు గంటలు శేషుకి వరసగా గుర్తులేదు. పంటు ఖాళీగా లంకకి పోయేటప్పుడు బల్లల మీద ఆమె ఒక్కతే ప్రయాణికురాలు. కాళ్ళకింద జుమ్మనే చప్పుడు. చెవులతో వినేది కాదు, పళ్ళల్లోకి ఎక్కేది. చెవిలో ఫోను. అవతల ప్రభాకరం చెబుతూనే ఉన్నాడు. "ఆగాయి. ఆగే ఉన్నాయి. సూరన్న నావ ఒడ్డుకి నలభై మీటర్లలో ఉంది, మీరు బయల్దేరండి. ఇప్పుడే. ఇప్పుడే." పంటు రేవు వదలడం, నావ రేవుకి ఆనడం. నావ వదలడం, పంటు ఆనడం. మధ్యలో ఒకటి రెండు క్షణాలు తేడా వచ్చినా మెరక అంచు నుంచి ఒక ముక్క చప్పుడు లేకుండా జారి నీళ్ళలో కలిసేది.

ఒకసారి అలా ఒక ఇల్లు పోయింది. నీలం రంగు తలుపున్న ఇల్లు. ముందు గడప వంగింది, తర్వాత పెంకులు ఒకదానిమీద ఒకటి జారాయి. అంతలో సూరన్న నావ ఏట్లోకి దిగింది. ఇల్లు సగంలో ఆగిపోయింది. వంటింట్లో గోడకి వేలాడుతున్న చేట బయటికి కనిపిస్తోంది. ఆ ఇంటావిడ పంటు మీద శేషు పక్కనే ఉంది. చేటకేసి చూస్తూ కూర్చుంది.

"ఆ జెల్లలకి మేవేం చేశామే శేషమ్మా?" అని అడిగింది.

శేషు కూడా ఆ చేటకేసే చూసింది.

లంక రేవులో జనాన్ని ఎక్కించేటప్పుడు గంగరత్నం అరుస్తూనే ఉంది. "తోసుకోకండి! మేకల్నొదిలెయ్యి మావయ్యా, నీకు దణ్ణం పెడతా. ఒదినా, ఆ బిందె పారెయ్యి, బిడ్డనెత్తుకో." ఆ గొంతు బొంగురుపోయింది. చుక్కాని పట్టుకున్న చేతుల్లో బొబ్బలు పగిలాయి. నడేట్లోకి వచ్చాక మాత్రం ఒక్క మాట మాట్లాడేది కాదు. నావ ఎక్కడుందో చూసుకునేది. అటునుంచి సూరన్న చెయ్యెత్తితే తనూ ఎత్తేది.

మూడుంబావుకి చివరి టిప్పు. లంక మీద ముప్పై ఒక్కమంది మిగిలారు. పంటు రేవుకి ఆనింది. నడేట్లో సూరన్న నావ, అందులో సుభద్ర టీచరు, గట్టునుంచి ఇటువైపు వస్తున్నారు.

"ఎక్కండి, ఎక్కండి," అంటోంది గంగరత్నం.

నావ మధ్యకి వచ్చేసరికి ఒక పెద్ద మాను వడిలో కొట్టుకొచ్చి దాని పక్కన తగిలింది. నావ గిర్రున తిరిగింది. వడి దాన్ని దిగువకి ఈడ్చుకుపోయి, జెల్లలు తోడిపోసిన ఇసుకతో ఆ రోజే లేచిన కొత్త మేట మీదికి ఎక్కించింది. ఇంజను గుర్రుమంది గానీ నావ కదల్లేదు.

"శేషుకుమారి గారూ, నావ ఆగిపోయింది," అన్నాడు ప్రభాకరం ఫోనులో. ఆ వెంటనే, "మొదలెట్టాయండీ. రేవు కింద ఉన్నాయి. దేవుడా, రేవు కిందే ఉన్నాయి."

పంటు కట్టిన మొద్దు ఒక జానెడు కిందికి దిగింది. పద్నాలుగు మంది ఇంకా నేలమీదే ఉన్నారు. వాళ్ళ కాళ్ళకింద నేల అన్నం ఉడికినట్టు కుతకుతలాడింది. జనం ఒక్కసారిగా అరిచారు.

దూరం నుంచి సూరన్న ఇటు చూశాడు. రేవు దిగిపోవడం అతనికి కనిపించే ఉంటుంది. టీచరుతో ఏదో అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అతను ఆవిడ చెయ్యి పట్టి చుక్కాని మీద పెట్టి, నావ దిగాడు. మేట మీద మోకాలి లోతు నీళ్ళు. నావ వెనక్కి పోయి, భుజం ఆనించి నెట్టాడు.

"ఆగిన పడవ దగ్గరికి కూడా వస్తున్నాయి. ఆయన్ని ఎక్కమనండి. శేషుకుమారి గారూ, ఎక్కమనండి!"

శేషు అరిచింది. గంగరత్నం అరిచింది. గాలికి ఏదీ అక్కడిదాకా పోలేదు.

నీళ్ళు సూరన్న నడుము దాకా వచ్చాయి. నీళ్ళు పెరగడం లేదు, అతనే దిగుతున్నాడు. ఇంకోసారి నెట్టాడు. నావ జారి మేట వదిలింది. ఇంజను అందుకుంది. నావ వడిలోకి పోయింది.

"ఆగాయి," అన్నాడు ప్రభాకరం. "అన్నీ ఆగాయి."

మేట ఉన్నచోట నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. అక్కడ ఎవరూ లేరు.

గంగరత్నం చెయ్యి ఎత్తి ఉంది. అలాగే కాసేపు ఎత్తి ఉంచింది. తర్వాత వెనక్కి తిరిగి, "ఎక్కండి. ఇంకా పద్నాలుగు మందున్నారు. ఎక్కండి," అంది. అందరూ ఎక్కారు. తాడు విప్పి, ఇంజను వేసి, పంటుని నడేట్లోకి తిప్పింది. ఆ పదమూడు నిమిషాలూ శేషు బావ చెప్పినట్టు అక్క మొహంకేసే చూసింది. ఆ మొహంలో ఏమీ లేదు. అదే ఆమెని ఏటికన్నా ఎక్కువ భయపెట్టింది.

పంటు గట్టుకి ఆనాక, సుభద్ర టీచరు ఉన్న నావ కూడా దిగువన ఒడ్డుకి చేరి ఇంకే పడవా ఏట్లో లేనప్పుడు, వెనక తెడ్లలంక పోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

*

మూడో రోజున దిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చింది. యంత్రాల్ని ఇరవై ఒక్క రోజులు ఆపుతున్నట్టు, ఈలోగా చట్టానికి సవరణ ముసాయిదా పంపమన్నట్టు. వారం తర్వాత విచారణ సంఘం వచ్చింది. గట్టుకింద హైస్కూల్లో, జనం చాపలు పరుచుకుని ఉంటున్న గదుల పక్కనే కుర్చీలు వేసుకుని కూర్చుంది. ప్రభాకరాన్ని మధ్యాహ్నం దాకా అడిగారు. ఆయన ఏ ప్రశ్నకైనా, "నేను తయారుచేశానండీ" అని మాత్రమే జవాబు చెప్పాడు. బయటికి వచ్చి మెట్లమీద కూర్చుని, ఎవరు పిలిచినా లేవలేదు. సాయంత్రానికి ఆయన కొడుకొచ్చి తీసుకుపోయాడు.

తర్వాత శేషుని పిలిచారు. పెద్దాయన మర్యాదగానే అడిగాడు.

"ఈ చట్టాల చరిత్ర మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదంటారు. యంత్రాలు ఏ నిబంధనని ఉల్లంఘించాయి?"

"ఏదీ లేదండి."

"అంటే చట్టప్రకారమే జరిగిందంటారు."

"అవునండి. అక్షరం పొల్లుపోలేదు."

ఆయన రాసుకున్నాడు. రాసుకున్నాక కాసేపు కలం మూత పెట్టడం మర్చిపోయాడు.

ఆ సాయంత్రం గంగరత్నం బడి వరండాలో ఒక్కతే కూర్చుని ఉంది. చేతులకి కట్లు ఉన్నాయి. శేషు పోయి పక్కన కూర్చుంది. పది రోజులుగా చెప్పాలనుకుంటున్నది చెప్పేసింది.

"అక్కా, ఆ చట్టంలో ఒక మాట ఉంది. దాన్ని పట్టుకునే అవి మనూరు మీదికొచ్చాయి. ఆ మాట రాసింది నేనే."

గంగరత్నం ఇటు తిరగలేదు. వరండా చివర ఎవరో పసిపిల్లకి జోల పాడుతున్నారు. అది ఆగేదాకా ఆగింది.

"సదువు," అంది.

"నది ఎటు పోతే జలమార్గం అటే పోవును."

"ఇంకోసారి సదువు."

శేషు మళ్ళీ చెప్పింది.

"బాగానే ఉందే. ఏరు అట్టాగే పోద్ది. అబద్ధం ఏం రాయలేదు నువ్వు." గంగరత్నం ఇప్పుడు ఇటు తిరిగింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. "అందులో మేవెక్కడున్నాం?"

శేషు తల దించుకుంది. అక్క చెయ్యి ఆమె భుజం మీద పడలేదు. లేచి వెళ్ళిపొమ్మని కూడా అనలేదు.

కాసేపటికి గంగరత్నమే అడిగింది. "ఇప్పుడేం రాత్తన్నావు?"

"సవరణ. ఏట్లో జనం ఉండే ప్రతి లంకనీ, అందులో ఉండే ప్రతి మనిషినీ పేరుతో సహా చట్టానికి జత చెయ్యమంటున్నా. పేరున్నచోట అవి ముట్టకూడదని. దిగువన ఇంకా పదిహేడు లంకలున్నాయి." శేషు సంచిలోంచి కాగితాలు తీసింది. "ఆఫీసువాళ్ళు పంపిన జాబితాలో తెడ్లలంక లేదక్కా. ఇప్పుడు లేని ఊరిని ఎలా చేరుస్తామని అడుగుతున్నారు."

ఆమె ఫోను మోగింది. పైన భద్రాచలం దగ్గర నీటిమట్టం మళ్ళీ పెరుగుతోందని సందేశం. యంత్రాల్ని ఆపిన గడువు ఇంకా పద్నాలుగు రోజులుంది. గంగరత్నం ఆ మొహం చూసి ఏమొచ్చిందో అడగలేదు.

"మనూరితోనే మొదలెట్టు," అంది. "నే చెప్తా, రాసుకో. రేవు కాడనించి."

ఇంటివరసన చెప్పసాగింది. ఎవరిల్లు, ఇంట్లో ఎవరెవరు, మొన్న వైశాఖంలో పుట్టిన పిల్లకి ఇంకా పేరు పెట్టలేదన్నది కూడా. వరండాలోకి ఒకరొకరే వచ్చి చుట్టూ చేరారు. మర్చిపోయినవాళ్ళని అందించారు. శేషు చెయ్యి లాగుతున్నా ఆపలేదు. ఊరి బడి దాటి, రావిపాటివాళ్ళ సందు దాటి, పడమటి వీధిలో మూడో ఇంటికొచ్చారు.

"మల్లాడి గంగరత్నం," అంది గంగరత్నం. "మల్లాడి సూరన్న."

శేషు కలం ఆగింది. చుట్టూ ఉన్నవాళ్ళు నేలకేసి చూశారు.

"రాయవే," అంది అక్క. "ఇంకా దొరకలేదుగా."

శేషు రాసింది.